బీటా హెచ్.సి.జి. - ఒక్క అంకె చూసి బెంగపడకండి

నెల తప్పి, స్ట్రిప్పు మీద రెండు గీతలు కనబడగానే మురిసిపోతాం. ఆ వెంటనే డాక్టరమ్మ బీటా హెచ్.సి.జి. రక్తపరీక్ష రాసిందంటే మాత్రం గుండె గుబేలుమంటుంది. రిపోర్టులో అంకె ఎక్కువో తక్కువో తెలీదు. తోటికోడలికి అప్పట్లో ఎంత వచ్చిందో కనుక్కుని, పోల్చుకుని, దిగులుపడతాం.

ఇంతకీ ఏమిటీ పరీక్ష? పిండం గర్భసంచి గోడకు అంటుకున్నాక, ముందుముందు మాయగా తయారయ్యే కణాలు ఈ హార్మోనును విడుదల చేస్తాయి. ఇంట్లో చేసుకునే స్ట్రిప్పు అది ఉందో లేదో చెబుతుంది. రక్తపరీక్ష ఎంత ఉందో చెబుతుంది. దీనికి పరగడుపున వెళ్లనక్కర్లేదు.

నెల తప్పిన కొత్తల్లో ఒకరికి 100 ఉండొచ్చు, ఇంకొకరికి 400. ఇద్దరూ పండంటి బిడ్డల్ని కనొచ్చు. చూడాల్సింది అంకెను కాదు, అది పెరిగే తీరును. మొదటి వారాల్లో మామూలుగా రెండు మూడు రోజులకు దాదాపు రెట్టింపవుతుంది. అందుకే 48 గంటలాగి మళ్లీ రక్తం ఇమ్మంటారు. రెండోసారి కూడా అదే ల్యాబులో ఇవ్వండి. మూడో నెల దాటుతుంటే ఇది తగ్గడం సహజం, కంగారొద్దు.

సరిగా పెరగకపోతే గర్భం నిలవకపోవచ్చు. లేదా పిండం గర్భసంచిలో కాక ట్యూబులో పడి ఉండొచ్చు. ట్యూబు పగిలితే తల్లి ప్రాణానికే ముప్పు. ఒక్కోసారి అంకె బాగానే పెరుగుతున్నా ఇలా జరగొచ్చు. అందుకే స్కానింగ్ మానకూడదు. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, ఎరుపు కనబడటం, భుజం దగ్గర నొప్పి, కళ్లు తిరగడం - వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి పడుకోకండి.

పెద్దవాళ్లకో మాట. కోడలి రిపోర్టు బాగాలేకపోతే బిందె ఎత్తిందనో, మెట్లెక్కిందనో నిందించకండి. తొలి నెలల్లో నిలవని గర్భాల్లో చాలావాటికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపమే. అందులో ఆ పిల్ల తప్పేం లేదు.

చివరిగా, కిందటి నెలసరి మొదటిరోజు తేదీని క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. ఆ తేదీ తెలిస్తేనే డాక్టరు మీ అంకెను సరిగా అంచనా వేయగలదు.