బాలుర గృహవిద్యలో యుద్ధచరిత్ర పఠనం

పటాన్‌చెరువు, సంగారెడ్డి ప్రాంతాలలో పిల్లలకు ఇంటివద్దనే సంస్కృతం చెప్పించదలచిన తల్లిదండ్రులు రఘువంశం చతుర్థసర్గ రాగానే సందేహంలో పడవచ్చును. దిగ్విజయఘట్టంలోని తెగిన శిరస్సులు పసివారి చెవులకు తగవని దానిని దాటవేయాలన్న తలంపు సహజమే. భారతాన్ని ఇంట చదివితే కలహం పుడుతుందన్న జనశ్రుతి ఉండనే ఉన్నది. కాని ఈ దాటవేత సమంజసం కాదు. ఎద్దుమైలారంలో 1984లో శంకుస్థాపన జరిగిన కర్మాగారంలో సైన్యానికి యుద్ధశకటాలు తయారవుతున్నవి. భానూరులో భారత్ డైనమిక్స్ శాల కలదు. అక్కడి ఉద్యోగుల పిల్లలకు యుద్ధం తండ్రి జీతానికి సంబంధించిన విషయం. చరవాణి తెరమీద అదే ఆట. దాని ఫలితం ఏమిటో వారికి చెప్పేవారు ఎవరు?

బిగ్గరగా చదివించడంలో ఒక ప్రయోజనమున్నది. రఘువు శరత్తులో దండు కదలుస్తాడు. నదులు దాటదగినంత తగ్గి, దారుల బురద ఆరే కాలమది. కంటితో చదివే బాలుడు దీనిని ఋతువర్ణనగా ఎంచి ముందుకు పోతాడు. గొంతెత్తి పదచ్ఛేదం చేసి, మల్లినాథుని సంజీవనితో అన్వయం చెప్పేవాడు ప్రతి పదం వద్ద ఆగక తప్పదు. బురద ఆరకపోతే ఏమవుతుందని అప్పుడు అడుగుతాడు.

సమాధానం దగ్గరలోనే ఉన్నది. కోలాచలం వారి ఇంటిపేరుకు మూలమైన కొల్చారం మంజీర దాపున గల ఊరు. ఆ మంజీరయే 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినప్పుడు పొంగి, మొగలు శిబిరానికి ధాన్యం రాకుండ చేసినది. క్షామం, వ్యాధి సైన్యాన్ని పీడించినవి. కోటగోడ క్రింద వారు పెట్టిన మందుపాతరలు వారిమీదనే విరుచుకుపడినవి. సుమారు ఎనిమిది నెలలు గడచిన పిమ్మట సెప్టెంబరులో కోట ద్వారం తెరిపించినది లంచం. ఆ రాత్రి ఎదిరించి పోరిన అబ్దుల్ రజాక్ లారీ ఎన్నో గాయాలతో పడి, బ్రతికి, తరువాత ఆ చక్రవర్తి కొలువులోనే చేరినాడు. పిల్లలకు ఈ చివరి మాట రుచించదు. అయినా దానిని వదలరాదు.

బొబ్బిలి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 1757 నాటి ఆ యుద్ధాన్ని దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రలో ఒక విధంగా, ఆంగ్లచరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ మరొక విధంగా చెప్పినారు. రెండింటిని ప్రక్కప్రక్కన చదివిస్తే కావ్యమేదో, చరిత్ర ఏదో బాలునికి చెవితోనే తెలుస్తుంది. కోటలోని స్త్రీలు, శిశువులు తమవారి చేతులలోనే ప్రాణాలు విడిచిన భాగాన్ని మాత్రం పదేళ్లు దాటినవారికే వినిపించడం మంచిది. అప్పుడైనా స్వరం పెంచి వీరరసంగా చదవరాదు.

భారతపఠనం దుర్యోధనుని పతనంతో ముగించి మంగళం పాడడం చాలదు. శల్యపర్వం చదివిన కంఠంతోనే నిద్రిస్తున్నవారిని చంపిన సౌప్తికం, గాంధారి రణభూమిలో బిడ్డలను వెదకిన స్త్రీపర్వం కూడ ఆ పిల్లలచేత చదివించాలి.