వంతెన కింద నిలబడ్డవారి మాటేమిటి?

ఫ్లైఓవర్ కడితే ఊరు ఎదిగిందని మనలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకం తప్పని మేము అనడం లేదు. అది సగం నిజమే అంటున్నాం.

విశాఖలోని ఎన్.ఏ.డి. కొత్త రోడ్డు జంక్షన్ మన రెండు జిల్లాల వారికి కొత్త కాదు. శ్రీకాకుళం నుంచి గాజువాక వైపు పనులకు వెళ్లేవారికీ, విజయనగరం నుంచి కొత్తవలస, పెందుర్తి, గోపాలపట్నం మీదుగా నగరంలోకి వచ్చేవారికీ అదే దారి. (నేవల్ ఆర్మమెంట్ డిపో అనే పేరు జనం నోట పొట్టిదై ఎన్.ఏ.డి. అయింది.)

నాలుగు రోడ్లు ఒకే మట్టంలో కలిస్తే వాహనాలు ఒకదానికొకటి అడ్డుపడగల చోట్లు 32 ఉంటాయని ఇంజనీరింగ్ పుస్తకాలు చెబుతాయి. నడుమ గుండ్రంగా తిరిగే రోటరీ పెడితే అవి 8కి తగ్గుతాయి. అయితే బళ్లు మరీ పెరిగితే రోటరీ కూడా బిగుసుకుపోతుంది. లోపలికి వచ్చే బండీ, బయటికి పోయే బండీ ఆ కాస్త జాగాలోనే పక్కలు మారాలి గదా! అప్పుడిక మిగిలింది అంతస్తులు వేయడమే. ఎన్.ఏ.డి.లో వంతెనలూ, నేలకు పైన రోటరీ కట్టి 2021 డిసెంబరులో ప్రారంభించారు. నేరుగా పోయే బండికి మేలు జరిగింది, కాదనలేం.

కాని ఆ 32లో కాలినడకన రోడ్డు దాటే మనిషి లేడు. రోడ్డు వెడల్పు తేల్చడానికి వాహనాలను కార్ల కొలతలోకి మార్చి లెక్కిస్తారు. ఊళ్ల మధ్య రోడ్ల లెక్కలో ఒక బస్సు మూడు కార్లతో సమానం. అందులో యాభై మంది ఉన్నా మూడే, ఖాళీగా పోయినా మూడే. అది ఆక్రమించే చోటుకే విలువ, మోసే మనుషులకు కాదు. నడిచేవాడైతే ఆ లెక్కలోకే రాడు. పైగా బస్సు వంతెన ఎక్కిందంటే జంక్షన్లో ఆగదు. దిగాల్సినవాడు ముందే దిగి నడవాలి, లేదా బస్సే కింది రోడ్డు పట్టాలి. కారున్నవాడికి మిగిలిన నిమిషాలు ఇతని ఖాతాలోంచి పోయినవే.

ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లికి సుమారు 50 కిలోమీటర్ల ఆరు వరుసల రోడ్డు వేశారు. నగరంతో పనిలేని లారీని నగరంలోకే రానివ్వని ఉపాయం అది. మాకు వంతెన కంటే అదే తెలివైన పనిగా తోస్తుంది.

ఇక మన సంగతి. 16వ నంబరు జాతీయ రహదారి రణస్థలం ఊరి మధ్య నుంచే సాగుతుంది. చిలకపాలెంలో రాజాం వైపు రోడ్డు దానితో కలుస్తుంది. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం దాని పక్కనే ఉంది. మన సీనియర్లు చదివిందీ, మనలో కొందరు చదవబోయేదీ అక్కడే. ఇలాంటి చోట్ల కూడలిని తిరిగి కట్టేటప్పుడు బస్టాపు ఎక్కడ, మెట్లు ఎక్కలేని ముసలమ్మ ఎటు దాటాలి, రాత్రి దీపం ఉంటుందా అన్నవి మొదటి నక్షాలోనే ఉండాలి. పని ముగిశాక అతికించేవి కావవి.

పూర్వ విద్యార్థుల్లో ఇంజనీర్లున్నారు. వారిని మేము కోరేది ఒక్కటే. ఉదయం ఎనిమిది నుంచి పది దాకా చిలకపాలెం, ఎచ్చెర్లల్లో ఎందరు నడిచి దాటుతున్నారో, ఎందరు బస్సు దిగుతున్నారో మేము నిలబడి లెక్క రాస్తాం. ఆ లెక్కను ఇంజనీర్ల భాషలోకి మార్చి, కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా రహదారి భద్రతా కమిటీకి మాతోపాటు వచ్చి అందజేయండి.