తల్లికి మైల, తొలిచూలుకు వెల

లూకా సువార్త రెండో అధ్యాయంలో బాలయేసును దేవాలయానికి తెచ్చిన ఘట్టం ఉంది. ఎనిమిదో రోజున బిడ్డకు సున్నతి చేసి పేరు పెట్టారు. శుద్ధి దినాలు గడిచాక తల్లిదండ్రులు బిడ్డను యెరూషలేముకు తీసుకెళ్లి దేవునికి ప్రతిష్ఠించారు. గువ్వల జతో, రెండు పావురం పిల్లలో బలి ఇవ్వడం కూడా ఆ ప్రయాణంలో భాగమే. అంతా ధర్మశాస్త్రం ప్రకారమే జరిగిందని లూకా పదే పదే చెబుతాడు. మరి ధర్మశాస్త్రం ఏమంటోంది?

అందులో ఉన్నది ఒక ఆచారం కాదు, రెండు. మొదటిది బాలింత శుద్ధి. లేవీయకాండం 12వ అధ్యాయం ప్రకారం మగబిడ్డను కన్న స్త్రీకి 7 రోజులు మైల. ఆపైన 33 రోజులు ఆమె పవిత్రమైన దేన్నీ ముట్టకూడదు, దేవాలయంలో అడుగు పెట్టకూడదు. ఆ తర్వాత దహనబలికి ఏడాది గొర్రెపిల్లను, పాపపరిహార బలికి ఒక పక్షిని తేవాలి. గొర్రె కొనే స్తోమతు లేకపోతే రెండు పక్షులు చాలు. ఇందులో తండ్రికి మైల లేదు. బిడ్డను వెంట తీసుకురావాలన్న నియమమూ లేదు.

రెండోది తొలిచూలు విడుదల. ఐగుప్తీయుల పెద్దకొడుకులను చంపి తమ బిడ్డలను వదిలాడు కనుక, తల్లికి తొలికాన్పులో పుట్టిన మగబిడ్డ దేవుడి సొత్తని యూదుల నమ్మకం. నెల నిండాక 5 షెకెళ్ల వెండి యాజకుడికి చెల్లించి ఆ బిడ్డను విడిపించుకోవాలి. సంఖ్యాకాండం మూడో అధ్యాయంలో దీని లెక్క పైసలతో సహా ఉంది. తొలిచూలు మగవాళ్లు 22,273 మంది. వాళ్లకు బదులుగా దేవుడు తీసుకున్న లేవీయులు 22,000. మిగిలిన 273 మందికి తలకు 5 చొప్పున 1,365 షెకెళ్లు వసూలు చేసి అహరోనుకూ అతని కొడుకులకూ ఇచ్చారు. దేవుడి పేరు మీద పుట్టిన బాకీ నేరుగా యాజక కుటుంబానికి జమ అయింది.

లూకా ఈ రెంటినీ కలిపేశాడు. శుద్ధి తల్లి ఒక్కతెకే కాక ఇంకొకరికి కూడా అవసరమైనట్టు రాశాడు. ప్రయాణానికి కారణంగా తొలిచూలు చట్టాన్ని చూపి, బలి మాత్రం బాలింతది చెప్పాడు. 5 షెకెళ్ల ఊసే లేదు. లూకాకు ఈ ఆచారాల మీద సరైన అవగాహన లేదని క్యాథలిక్ పండితుడు రేమండ్ బ్రౌన్ కూడా క్రీస్తు జననంపై 1977లో ప్రచురించిన గ్రంథంలో ఒప్పుకున్నాడు. హన్నా తన కొడుకు సమూయేలును షిలోహులో దేవుడికి అప్పగించిన పాత కథ లూకా మనసులో ఉండి ఉంటుందని నా అభిప్రాయం. బిడ్డ దేవాలయంలో ఉంటేనే కదా, సుమెయోను అనే భక్తుడు ఎత్తుకుని భవిష్యత్తు చెప్పడానికి వీలయ్యేది!

మత్తయి సువార్త చెప్పే జనన కథలో సున్నతీ లేదు, దేవాలయమూ లేదు. రాజు హేరోదు బిడ్డను చంపిస్తాడన్న భయంతో కుటుంబం రాత్రికి రాత్రే ఐగుప్తుకు పారిపోయింది. లూకాలో అదే బిడ్డ గురించి వృద్ధురాలు అన్న, హేరోదు ఏలే నగరంలోనే బహిరంగంగా చెబుతోంది. క్రతువులు ముగియగానే కుటుంబం నజరేతుకు వెళ్లిపోయిందని లూకా చెబుతుంటే, మత్తయి చెప్పే జ్ఞానుల రాకనూ ఐగుప్తు ప్రయాణాన్నీ ఎక్కడ ఇరికించాలి? ఇవి తమ తమ శ్రోతల కోసం ఇద్దరు మనుషులు అల్లిన రెండు కథలు. దైవప్రేరణ అన్న మాట అడ్డుపెట్టి ఈ తేడాలను దాచడం చదువరులకు చేసే అన్యాయం.

నన్ను ఇంతకన్నా బాధించేది ఆ పాపపరిహార బలి. బిడ్డను కనడంలో పాపమేముంది? అది నైతిక పాపం కాదు, ఆచారపరమైన అశుద్ధి మాత్రమేనని పండితులు వివరిస్తారు. సరే, మాట మార్చుకుందాం. గుడి బయట ఉంచిన ఆ రోజులు మారతాయా? పేదరాలైనా రుసుము తగ్గిందే తప్ప మాఫీ కాలేదు. డిసెంబరు 25 నుంచి 40వ రోజైన ఫిబ్రవరి 2న చర్చి ఈ శుద్ధిని పండుగ చేసుకుంది. బాలింతను ప్రత్యేక ప్రార్థనతో మళ్లీ చర్చిలోకి తీసుకునే ఆచారాన్ని శతాబ్దాల పాటు నడిపింది. పురిటి మైల ఎంత అవమానకరమో మన ఇళ్లలో చూసిన హేతువాదులు ఈ అధ్యాయాన్నీ అదే ప్రశ్నతో చదవాలి.

మరియకు ఆడపిల్ల పుట్టి ఉంటే ఏమయ్యేది? తొలిచూలు చట్టం వర్తించదు. ప్రతిష్ఠ లేదు, వెండి లేదు, సుమెయోను ఎత్తుకునే సందర్భమే లేదు. తల్లికి మాత్రం 14 రోజుల మైల, ఆపైన 66 రోజులు. మొత్తం 80 రోజులు ఆమె దేవాలయం బయటే ఉండి, చివర అవే రెండు పక్షులు తెచ్చి ఇవ్వాలి.