లప్పం మీద ఇంత నమ్మకమా?

"లోపల ఎట్లుంటే ఏందన్నా, పైన లప్పం బెడితే అద్దం లెక్కయితది." సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ నుంచి ఇబ్రహీంపట్నం దాకా కార్లకు మ్యూజిక్ సిస్టం బిగించే చోట ఎక్కడ ఆగినా ఈ భరోసా దొరుకుతుంది. డిక్కీలో ఓ మూలకు అతికినట్టు కూర్చునే ఫైబర్ గ్లాస్ బేస్ బాక్స్ కావాలని వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాడు (ఈ చుట్టుపక్కల కాలేజీలకూ కొదవ లేదు, కుర్రాళ్లకూ కొదవ లేదు) ఆ మాట నమ్మి అడ్వాన్సు ఇచ్చేస్తాడు. చేతికొచ్చిన రోజు బాక్స్ నిజంగానే మెరుస్తుంది. ఓ వేసవి గడిచాక చూడాలి దాని సోకు: స్పీకర్ రింగు చుట్టూ గీత, మూలల్లో పగుళ్లు, మధ్యలో అలలు. వెళ్లి అడిగితే ఇంకో మాట సిద్ధం: "ఫైబర్‌ది అంతే తమ్మీ, ఎండకు అట్లయితది." అడ్వాన్సుకు ముందు అన్నా, తర్వాత తమ్మీ.

రెండు మాటలూ తప్పే. మొదటిదాన్ని నమ్మడం వల్లే రెండోది చెప్పుకోవాల్సి వస్తోంది.

లోపలి సంగతే ముందు చూద్దాం. ఎండీఎఫ్ రింగుల్ని కర్రలతో నిలబెట్టి, వాటి మీద ఫ్లీస్ గుడ్డో బనియన్ గుడ్డో బిగుతుగా లాగి, పిన్నులు కొట్టి రెసిన్ పట్టిస్తారు. గుడ్డ గట్టిపడగానే సగం మందికి పని అయిపోయినట్టే. కానీ అప్పటికి తయారైంది పెంకు మాత్రమే. బలమిచ్చేది వెనక వేసే గ్లాస్ మ్యాట్. 450 గ్రాముల మ్యాట్ ఒక పొర వేస్తే వచ్చే మందం సుమారు 1 మిల్లీమీటరు. 12 అంగుళాల వూఫర్ కొట్టే దెబ్బకు గోడ కదలకుండా ఉండాలంటే అలాంటివి ఐదారు పొరలు పడాలి. రెండు పొరలతో సరిపెట్టిన బాక్స్ ప్రతి బీటుకూ ఉబ్బి తగ్గుతుంది. దాని మీద అరంగుళం లప్పం మెత్తితే ఏమవుతుంది? లప్పమంటే రెసిన్‌లో కలిపిన టాల్క్ పొడి. దానికి వంగడం రాదు, పగలడమే వచ్చు. 3 మిల్లీమీటర్లకు మించి లప్పం పట్టిందంటే అక్కడ ఆకారమే తప్పిందని అర్థం, మళ్లీ మ్యాట్ వేసుకోవాల్సిందే. పైన పటారం లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇక ఎండ మీద నేరం మోపడం. ఆడలేక మద్దెల ఓడు. పాలియెస్టర్ రెసిన్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 5 నుంచి 8 శాతం కుంచించుకుపోతుంది. చేతికి గట్టిగా తగిలినంత మాత్రాన ఆ పని పూర్తయినట్టు కాదు. మిగిలింది వేడి తగిలినప్పుడు పూర్తవుతుంది. మే నెలలో అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మన దగ్గర వింత కాదు. పెయింటు పడ్డాక ఆ వేడి తగిలితే రెసిన్ అప్పుడు కుంచించుకుంటుంది, మ్యాట్ పోగుల అచ్చు పైకి తేలుతుంది. అదే వేడి లప్పానికి ముందే తగిలితే? పెంకును ఫ్రేముకు బిగించే ఉంచి, వంకర పోకుండా, నాలుగైదు రోజులు మేడ మీద ఎండలో పెట్టండి. కుంచించుకునేదేదో అక్కడే కుంచించుకుంటుంది. రంగారెడ్డి జిల్లా ఎండ పైసా అడగని ఓవెన్. దాన్ని వాడుకోకుండా తిట్టుకుంటున్నాం.

తొందరలో హార్డెనర్ గుప్పించడమూ ఈ కోవలోదే. కిలో రెసిన్‌కు 10 నుంచి 20 గ్రాములు, ఎండాకాలంలో ఆ కింది లెక్కే. ఎక్కువైతే పొర కాగిపోయి బీటలు వారుతుంది. లప్పంలో ఎక్కువైతే మిగిలిన పెరాక్సైడ్ పెయింటులోంచి పసుపు మరకలుగా బయటపడుతుంది. రెసిన్ త్వరగా గట్టిపడేందుకు వేసే కోబాల్ట్ వేరుగా వచ్చే చోట దాన్ని ముందు రెసిన్‌లో బాగా కలిపి ఆ తర్వాతే హార్డెనర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలనూ వచ్చు. ఫినిషింగ్ గురించి రాస్తూ ఇది చెప్పకపోవడం పాపం.

అసలు తగాదా అరగదీసే శాండ్ పేపర్ దగ్గర. "400 కొడితే నున్నగయితది" అంటారు. అవుతుంది, అల కూడా నున్నగా అవుతుంది. చేతికి నున్నగా తగలడం వేరు, తలం సమంగా ఉండడం వేరు. ఆకారం తేలాల్సింది 80 నంబరు దగ్గరే. ఆ తర్వాతి 120, 180, 320 అన్నీ ముందు పేపర్ చేసిన గీతల్ని చెరపడానికే. పేపర్ చేత్తో పట్టుకుని రుద్దితే వేళ్లు పడ్డ చోట పల్లం, వేళ్ల సందుల్లో గట్టు. సమతలానికి పొడవాటి చెక్క బ్లాక్ కావాలి. వంపుల్లో పీవీసీ పైపు ముక్కకు పేపర్ చుట్టి, ఐమూలగా ఒకసారి ఇటు, ఒకసారి అటు తోయాలి. టూకే ప్రైమర్ ఆరాక నల్ల స్ప్రే పల్చగా, చుక్కచుక్కగా చల్లి 320తో బ్లాక్ ఆడించి చూడండి. ఎత్తు మీద నలుపు ఇట్టే పోతుంది, పల్లంలో మిగిలిపోతుంది. రింగు అంచు దిగే చోట, గుడ్డ లాగినప్పుడు ఏర్పడ్డ ఒంపులో, అరచేతికి ఏమాత్రం అందని పల్లం వేలెడు వెడల్పున నల్లగా కనబడుతుంది. ఎంత అనుభవమున్న చేయైనా దాన్ని పట్టలేదు, నలుపు పట్టిస్తుంది. అంతా ఒకే రంగులోకి వచ్చేదాకా పెయింటు డబ్బా మూత తీయకూడదు.

నీళ్ల సంగతి కూడా తేల్చాలి. లప్పం మీద నీళ్లు చల్లుతూ వాటర్ పేపర్ కొట్టడం చాలా చోట్ల అలవాటు. దుమ్ము లేవదు, నిజమే. కానీ లప్పం నీళ్లు పీలుస్తుంది, పెయింటు కింద తర్వాత బొబ్బలై లేస్తుంది. ఎండీఎఫ్ రింగు అంచు ఇంకా ఘోరం, తడి తగిలితే ఉబ్బుతుంది. బాక్స్ కారెక్కిన కొన్నాళ్లకు రింగు చుట్టూ తేలే గీతకు ఇదొక కారణం. రింగుకు ముందే రెసిన్ పట్టించి, లప్పాన్ని పొడిగానే, మాస్కు కట్టుకుని అరగదీయాలి. నీళ్లు ప్రైమర్ మీదే. సూదిబెజ్జాలకు ఎన్‌సీ పుట్టీ నొక్కి వదిలేసేవాళ్లకూ ఇదే జవాబు: దానిలోని థిన్నర్ రోజుల తరబడి ఎగిరిపోతూ ఉంటుంది, పుట్టీ దిగిపోతూ ఉంటుంది. హార్డెనర్ కలిపే పాలియెస్టర్ పుట్టీ వాడితే ఆ బాధ ఉండదు. గోడ లప్పం తెచ్చి కారులో పెట్టేవాళ్ల గురించి మాట్లాడను.

ఫైబర్ మీద కారు ఫినిషింగ్ రాదనేవాళ్లు 1953 నాటి షెవర్లే కార్వెట్‌ను గుర్తు చేసుకోవాలి. బాడీ అంతా ఫైబర్ గ్లాసే, మొదటి ఏడాది చేసిన 300 కార్లూ చాలావరకు చేతిపనే. బెంగళూరు సిపాని కంపెనీ 1980లలో అమ్మిన డాల్ఫిన్ బాడీ కూడా ఫైబరే. అయితే ఆ 300 కార్వెట్లూ తెల్లవే, తెలుపు అలల్ని చాలావరకు దాస్తుంది. మన కుర్రాళ్లకు కావాల్సింది మాత్రం పియానో బ్లాక్. ఊళ్ల కూడళ్లలో నిలబెట్టే ఫైబర్ విగ్రహాల్లో పంచె మడతలు ఎన్నో తప్పుల్ని కాస్తాయి. నల్లటి బాక్స్‌కు మడతలెక్కడివి?

పైన రెక్సినో కార్పెట్టో వేయించుకునేవాళ్లకు ఇంత తతంగం అక్కర్లేదని ఒప్పుకుంటాను. 80 నంబరు గీతలు గుడ్డ కింద ఎవరికీ కనబడవు, ఆ ఖర్చు మిగుల్చుకోండి. పెయింటే కావాలంటే మాత్రం ధర మాట్లాడేటప్పుడే ఒక షరతు పెట్టండి: ప్రైమర్ మీద నలుపు చల్లి బ్లాక్ కొట్టాక, పెయింటుకు ముందు, ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూపించాలి. దానికి ఒప్పుకోని చోట రెక్సిన్ వేయించుకుని బయటపడండి.