పంక్తులు తీర్చే యంత్రం

2014 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ తన ఐఫోన్లలోని ఒక లోపానికి అత్యవసరంగా సవరణ విడుదల చేయవలసివచ్చింది. రహస్యంగా సాగవలసిన సమాచార వినిమయంలో అవతలివైపు ఉన్నది నిజమైన సర్వరేనా అని తేల్చే పరీక్ష సక్రమంగా జరగడం లేదని బయటపడింది. దానికి కారణం చాల చిన్నది. ప్రోగ్రాములో ‘గోటూ ఫెయిల్’ అనే పంక్తి వెంటవెంటనే రెండుసార్లు పడింది.

సీ భాషలో ‘ఇఫ్’ అనే షరతును అనుసరించే ఆజ్ఞలను బ్రాకెట్లలో చేర్చకపోతే, మొదటి ఆజ్ఞ ఒక్కటే ఆ షరతుకు లోబడుతుంది. రెండవ పంక్తిని కూడ మొదటిదానివలెనే లోపలికి జరిపి వ్రాయడంతో, అదికూడ షరతుకు లోబడినట్లే చదువరులకు తోచింది. కంప్యూటరు ఈ ఖాళీలను పట్టించుకోదు. అది షరతుతో నిమిత్తం లేకుండ ఆ ఆజ్ఞను అమలుజరిపి, మిగిలిన పరీక్షను విడిచిపెట్టి, పరీక్ష నెగ్గినట్లే లెక్క తేల్చింది. పంక్తులను తనంతట తానే తీర్చే సాధనమేదైనా ఆ ప్రోగ్రాముపై నడిచి ఉంటే, రెండవ పంక్తి ఎడమకు జరిగి, దోషం కంటబడేది.

పలువురు కలసి ఒకే ప్రోగ్రాము వ్రాసేచోట తలకొక అలవాటు ఉంటుంది. ఒకరు నాలుగు ఖాళీలు విడిస్తే మరొకరు రెండే విడుస్తారు. నిజమైన తప్పులు వెదకవలసిన సమీక్షకుడు ఖాళీలు లెక్కపెడుతూ కూర్చుంటాడు. 2009లో గూగుల్ నుండి వెలువడిన గో భాష, తీర్చే సాధనాన్ని తనతోపాటే అందించి, ఈ తగవును మొదటనే త్రుంచివేసింది. పైథాన్ భాషకు 2018లో వచ్చిన ‘బ్లాక్’ కూడ వాడుకరికి ఇష్టాయిష్టాల ప్రమేయం దాదాపు లేకుండ చేసింది.

సాధనం ఉన్నంత మాత్రాన చాలదు, అందరూ దానిని వాడాలి. లినక్స్ నిర్మాణం కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్‌లో ఇందుకు ఒక ద్వారపాలకుడున్నాడు. అదే ‘ప్రీ-కమిట్ హుక్’. మార్పును కమిట్ చేయబోయే ముందు ఈ చిన్న ప్రోగ్రాము నడుస్తుంది. దాని పరీక్షలో తప్పితే కమిట్ ఆగిపోతుంది.

అయితే ఈ ద్వారపాలకుడు ఎవరి వాకిట వారికే. ప్రాజెక్టు ప్రతిని తెచ్చుకున్నంతలో హుక్ వెంట రాదు. ఎవరికి వారు అమర్చుకోవాలి. పైగా ‘నో వెరిఫై’ అనే ఒక్క మాటతో దానిని తప్పించుకోవచ్చును. అందుచేత అదే పరీక్షను ఉమ్మడి సర్వరుపై మరల జరపడం వివేకం. పాత ప్రోగ్రామునంతటినీ ఒకేసారి తీర్చినపుడు, ఏ పంక్తి ఎవరు వ్రాసినదో తెలిపే చరిత్ర మరుగున పడుతుంది. కనుక ఆ పనిని వేరొక కమిట్‌గా చేయడం మేలు. చరిత్ర చూసేటపుడు అటువంటి కమిట్లను విడిచిపెట్టే సౌకర్యం 2019లో గిట్‌కు చేరింది.

యంత్రం ఎన్నుకొన్న తీరు అందరికీ నచ్చకపోవచ్చును. తర్కంలోని తప్పును అది దిద్దనూ లేదు. తప్పును కప్పి ఉంచిన ముసుగును మాత్రం తొలగిస్తుంది. ఆపైన చూడవలసినది మనిషి కన్నే.