మాట కలిపే దుబాసీ

పుంగనూరులో ఓ చిన్న అంగడి. జిరాక్సు, నెట్ సెంటర్, ఆధార్‌తో డబ్బులిచ్చే బల్ల అన్నీ ఒకే గదిలో. అంగడి కుర్రాడు రాత్రంతా మేలుకుని కంప్యూటర్‌ను ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఎక్కించాడు. పొద్దున్నే ఉపాధి కూలి డబ్బులకోసం వచ్చిన అవ్వ వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టింది. లైటు వెలగలేదు. కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. ‘‘టమోటాలు కోసీ కోసీ నా వేలు అరిగిపోయిందేమో నాయనా!’’ అంది దిగులుగా. ‘‘నీ వేలు బాగానే ఉందవ్వా. ఈ మిషన్ మాట కంప్యూటర్‌కు తెలీలేదు, అంతే. డ్రైవర్ ఎక్కించాల’’ అన్నాడు కుర్రాడు. ఎవరో మనిషి రావాలి కాబోలనుకుని అవ్వ అరుగు మీద కూర్చుంది.

అవ్వ అనుకున్నది తప్పు కాదు. రావాల్సిన వాడు ఒకడున్నాడు. పేరుకు డ్రైవర్ అన్నా, చేసేది దుబాసీ పని. ప్రింటర్‌ది ఒక భాష, స్పీకర్‌ది ఒక భాష, వైఫై చిప్పుది మరో భాష. అవి చెప్పేది ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, అది చెప్పేది వాటికీ విడమరిచి చెప్పే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. కొత్త విండోస్ తనతోపాటు కొందరు దుబాసీలను తెచ్చుకుంటుంది కనుక కీబోర్డు, మౌసు వెంటనే పలుకుతాయి. తెర కూడా వెలుగుతుంది, కాకపోతే అక్షరాలు లావుగా, మొరటుగా ఉంటాయి. మిగతావి డివైస్ మేనేజర్‌లో పసుపుపచ్చ గుర్తు పెట్టుకుని మూగగా నిలబడతాయి. పేరు చెప్పలేని పరికరానికీ ఊరూ ఇంటిపేరూ ఉంటాయి. దాని ప్రాపర్టీస్ తెరిస్తే రెండు నంబర్లు కనబడతాయి. ఒకటి తయారుచేసిన కంపెనీది, రెండోది మోడల్‌ది. కంపెనీ నంబరు 8086 అని ఉంటే అది ఇంటెల్‌ది. 1978లో ఆ సంస్థ తెచ్చిన ప్రాసెసర్ పేరే ఈనాటికీ దాని ఇంటిపేరుగా నిలిచింది.

విండోస్ 10కు మామూలుగా వచ్చే రక్షణ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. దాంతో ఊరూరా పాత కంప్యూటర్లను తుడిచి కొత్తగా నింపుకోవాల్సిన పని పడింది. తుడవడం అరగంట పని. మాటలు కలపడానికే పూటలు పడతాయి. డ్రైవర్లు నెట్‌లో ఉంటాయి, నెట్ రావాలంటే వైఫై డ్రైవర్ కావాలి. విత్తనాల గది తాళంచెవి ఆ గదిలోనే ఉండిపోయినట్టు. అందుకే ఫార్మాట్‌కు ముందే డ్రైవర్లన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసుకోవాలి. అది మరిచినవారికి ఫోనును కేబుల్‌తో తగిలించి దాని నెట్ వాడుకునే దారి చాలాసార్లు అక్కరకొస్తుంది. నెట్ వచ్చాక చిప్‌సెట్, తర్వాత గ్రాఫిక్స్, సౌండ్. డ్రైవర్‌ను తయారీదారు సైట్ నుంచే తెచ్చుకోవాలి, ఊరూపేరూ లేని చోటునుంచి కాదు. ఎందుకంటే చాలా డ్రైవర్లు సిస్టమ్ గుండెకాయ దగ్గరే పనిచేస్తాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్ అలాంటి చోటే బెడిసికొట్టి, ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి. విమానాలు నిలిచిపోయాయి. దుబాసీ తడబడితే ఎంత పెద్ద సభైనా ఆగిపోతుంది.

దుబాసీల విలువ ఈ సీమకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీటీ కాలేజీలో బస చేసిన రవీంద్రనాథ్ ఠాగూర్, తన ‘జనగణమన’ను తానే ఆంగ్లంలోకి తెచ్చింది అక్కడే. మార్గరెట్ కజిన్స్ దాని బాణీని స్వరపరిచిందీ అక్కడే. ఇక కుప్పంలో తెలుగులో మొదలైన బేరం తమిళంలో సాగి కన్నడంలో తెగితే ఎవరూ వింతగా చూడరు. ద్రావిడ భాషలకోసం 1997లో విశ్వవిద్యాలయం వెలిసింది ఆ గడ్డమీదే.

అదే కుప్పంలో 2002లో హెచ్‌పీ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ‘ఐ-కమ్యూనిటీ’ని మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టారు. కొందరు మహిళలకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటర్, వాటిని నడిపే సౌర ఫలక ఇచ్చి ఫొటోగ్రాఫర్లుగా తీర్చిదిద్దారు. కరెంటు ఆసరా లేని చోట కూడా వాళ్లు ఫొటో తీసి, అక్కడికక్కడే అచ్చువేసి చేతికిచ్చారు. కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ నడుమ డ్రైవర్ ఉన్నట్టే, ఆ యంత్రాలకూ పల్లెకూ నడుమ ఆ ఆడవాళ్లు ఉన్నారు. యంత్రం ఊళ్లోకి రావడం ఒక ఎత్తు, దాని మాట ఊరికి అర్థమయ్యేలా చెప్పే మనిషి ఊళ్లోనే ఉండటం మరో ఎత్తు.

కొత్త సిస్టమ్, కొత్త యాప్, కొత్త పద్ధతి వచ్చిన ప్రతిసారీ పాతదాన్ని ఒక్క మీటతో తుడిచేస్తున్నాం. పాతదానితోపాటు మాట కలిపినవారూ తుడిచిపెట్టుకు పోతున్నారేమో ఒకసారి చూసుకోవాలి. ఆఫీసైనా, బ్యాంకైనా, ఇల్లైనా, కొత్తది నింపేముందు దుబాసీలకు చోటు ఉంచాలి. పని ఆగిపోతే ఆ బరువు మోసేది ముందుగా అరుగు మీద కూర్చున్నవాళ్లే.

పుంగనూరు అంగట్లో కుర్రాడు మిషన్‌ను తిరగేసి, అడుగున చీటీ మీది మోడల్ నంబరు చూసి, డ్రైవర్ ఎక్కించి, ఆధార్ వేలిముద్రకు కావాల్సిన ఆర్‌డీ సర్వీస్ వేశాడు. తర్వాత ఆ నంబరును లెక్కల పుస్తకం అట్ట లోపల రాసిపెట్టుకున్నాడు, మరోసారికి పనికొస్తుందని. ‘‘రావ్వా’’ అని పిలిచాడు. అవ్వ వేలు పెట్టింది. లైటు వెలిగింది.