ఆషాఢం కూడా హనీమూన్‌లో భాగమే

హనీమూన్ అనే మాట ఎలా పుట్టిందంటే తేనెతో పులియబెట్టిన పానీయం కథ చెప్పేవాళ్ళే ఎక్కువ. కొత్త దంపతులు నెల రోజులు దాన్ని తాగేవారట. కథ బాగానే ఉంది కానీ, ఆ మాట కనిపించే తొలి రాతల్లో, అంటే 1546 నాటి జాన్ హేవుడ్ సామెతల పుస్తకంలో గానీ 1552లో వచ్చిన రిచర్డ్ హ్యులోయెట్ నిఘంటువులో గానీ, పానీయం ఊసే లేదు. హ్యులోయెట్ చెప్పింది వేరు: కొత్త దంపతులు మొదట్లో ఒకరినొకరు అమితంగా ప్రేమించుకుంటారని, ఆ ప్రేమ తర్వాత తగ్గుముఖం పట్టేలా ఉంటుందని. జంటగా ఊళ్ళు తిరిగి రావడమన్న అర్థం చాలా ఆలస్యంగా, పందొమ్మిదో శతాబ్దంలో స్థిరపడింది. ఆ ప్రయాణం సంబరంలో పాత హెచ్చరిక మరుగున పడింది.

మన దగ్గర వేసవి ముహూర్తాల్లో పెళ్ళయిన జంటకు రెండు మూడు నెలలు తిరగకముందే ఆషాఢం వస్తుంది. అత్తా కొత్తకోడలూ ఒకే గడప దాటకూడదంటూ అమ్మాయిని తల్లిగారింటికి తోలుకుపోతారు. తొలకరి పనులు ఆగకూడదని, ఆషాఢంలో నెల తప్పితే చైత్రం ఎండల్లో కాన్పు అవుతుందని పెద్దలు పెట్టిన ఏర్పాటు ఇదనీ, ఇప్పుడు దానితో పనిలేదనీ కొందరంటారు. నిజమే, మౌలాలి రైల్వే కాలనీల్లో దుక్కీ లేదు, నాట్లూ లేవు; కాన్పులు ఆసుపత్రిలోనే. అయినా ఆచారం పోలేదంటే దాన్ని నిలబెడుతున్నది ఇంకేదో ఉంది. అదేమిటో ఆషాఢ బోనాలప్పుడు తెలుస్తుంది. పసుపు కుంకుమలు పెట్టిన కుండలో పాలూ బెల్లం వేసి వండిన అన్నం, చుట్టూ వేపరెమ్మలు, పైన దీపం. దాన్ని నెత్తిన పెట్టుకుని అమ్మవారి గుడికి నడిచే కొత్త పెళ్ళికూతురు ఆ పూట ఎవరి కోడలూ కాదు, ఆ ఇంటి ఆడబిడ్డ.

ఇష్టపడి ఉన్న జంటను విడదీయడం న్యాయమా అని అడిగితే, బలవంతమైతే కాదు. కానుకల పేరుతో అమ్మాయి తల్లిదండ్రుల మీద ఖర్చు మోపితే అసలే కాదు. కానీ ఊటీ ప్రయాణం జంటను అందరికీ దూరంగా తీసుకుపోతే, ఆషాఢం అమ్మాయిని తన మనుషుల మధ్యకు తెస్తుంది. అత్తగారింట్లో తొలి రోజులు ఎలా గడిచాయో, పక్కన ఎవరో ఉండగా ఫోన్లో చెప్పలేనిది, తల్లితోనో అక్కతోనో విప్పి చెప్పుకునే వీలు ఆమెకు అక్కడే దొరుకుతుంది. ఏదైనా తేడాగా ఉంటే తల్లిగారివాళ్ళకు మొదట తెలిసేదీ అప్పుడే.